హెడ్డు బిగించాక బోరు ఏ ఆకారంలో ఉంటుంది?

(తిరుపతి స్టూడియోలో జరిగిన చర్చా కార్యక్రమం. పాల్గొన్నవారు: రేణిగుంట రోడ్డులో బోరింగ్ (బోరును పెద్దది చేయడం), హోనింగ్ (రాళ్లతో రుద్ది నునుపు చేయడం) పనులు చేసే మేస్త్రీ, ఇంజనీరింగ్ కళాశాలలో కొలతల శాస్త్రం బోధించే అధ్యాపకురాలు, చిత్తూరుకు చెందిన ఒక కారు యజమాని.)

వ్యాఖ్యాత: అందరికీ నమస్కారం. మన వైపు బోరు అనగానే వెయ్యి అడుగులు తవ్వినా తగలని నీళ్లే గుర్తుకొస్తాయి కాబట్టి, ఈ రోజు చర్చ ఇంజను బ్లాకులోని బోరు, అంటే పిస్టను పైకీ కిందికీ కదిలే గుండ్రటి రంధ్రం గురించేనని ముందే చెప్పేస్తున్నాను. మీ అనుభవంతో మొదలుపెడదామండీ.

యజమాని: నాది 1.8 లీటర్ల టర్బో ఆక్టేవియా ఆర్‌ఎస్. కంపెనీ బోరు వ్యాసం 81 మిల్లీమీటర్లు, స్ట్రోకు, అంటే పిస్టను కదిలే దూరం 86.4. అప్పుడప్పుడు చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాకుకు తీసుకువెళ్తుంటాను. వేరే ఊళ్లో ఒక చోట అర మిల్లీమీటరు ఓవర్‌సైజుకు బోరు కొట్టించి ఫోర్జ్‌డ్ పిస్టన్లు వేయించాను. కొలతల కాగితం కూడా ఇచ్చారు, నాలుగు బోర్లకూ 81.50 అని రాసి ఉంది. అయినా కొద్ది నెలలకే బండి ఆయిలు తాగడం మొదలుపెట్టింది.

మేస్త్రీ: ఒక్క మాట అడుగుతాను సార్. బోరు కొట్టేటప్పటికి పిస్టన్లు వాళ్ల చేతికి వచ్చాయా?

యజమాని: లేదు. పిస్టన్లు తర్వాత కొరియర్‌లో వచ్చాయి.

మేస్త్రీ: అయితే తప్పు అక్కడే మొదలైంది. పిస్టన్లు నాలుగూ బల్ల మీదికి వచ్చి, ఒక్కొక్కదాన్ని మైక్రోమీటరుతో కొలిచి, దాని మీద ఏ నంబరు సిలిండరుదో రాసిన తర్వాతే హోనింగ్ మెషిను స్విచ్చి వేయాలి. బోరును పిస్టనుకు సరిపడేలా చేస్తాం గానీ పెట్టె మీద అచ్చువేసిన సైజుకు కాదు. ఇక కాగితం సంగతికి వస్తే, నాలుగు బోర్లకు నాలుగే అంకెలు ఉన్నాయంటే కొలత సగం కూడా జరగలేదన్నమాట. పైన, మధ్యలో, కింద మూడు లోతుల్లో, ప్రతి లోతులోనూ క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) వెంబడి ఒకసారి, దానికి అడ్డంగా ఒకసారి కొలిస్తే ఒక్కో బోరుకు 6, మొత్తం 24 అంకెలు రావాలి.

అధ్యాపకురాలు: పిస్టను కొలవడంలోనూ ఒక మెలిక ఉంది. దాని పక్క గోడ నిటారుగా కనిపిస్తుంది గానీ, నిజానికి పీపాలాగా మధ్యలో కాస్త ఉబ్బి, అడ్డుకోతలో కొద్దిగా అండాకారంగా ఉంటుంది. తయారీదారు చెప్పిన ఎత్తులో, పిస్టనును కడ్డీకి కలిపే పిన్నుకు లంబంగా కొలిస్తేనే అది పిస్టను సైజు అవుతుంది. పది మిల్లీమీటర్లు పైకి జరిపి కొలిస్తే మరో అంకె వస్తుంది, దాన్ని బట్టి లెక్కించిన సందు, అంటే పిస్టనుకూ బోరు గోడకూ మధ్య ఖాళీ కూడా తప్పుతుంది.

వ్యాఖ్యాత: ఆ సందు ఎంత ఉండాలి?

మేస్త్రీ: పిస్టను లోహాన్ని బట్టి ఉంటుందండీ. 4032 అనే అల్యూమినియం మిశ్రమంలో సుమారు 12 శాతం సిలికాన్ ఉంటుంది, వేడికి తక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి సందు తక్కువ చాలు. 2618 మిశ్రమంలో సిలికాన్ చాలా స్వల్పం. దెబ్బలకు బాగా ఓరుస్తుంది, కానీ ఎక్కువ వ్యాకోచిస్తుంది. అందుకని టర్బో ఇంజనులో, ఈ సైజు బోరుకు మిల్లీమీటరులో సుమారు 8 నూరో వంతులు వదలాల్సి రావచ్చు. అంతిమంగా పిస్టను కంపెనీ ఇచ్చిన కాగితమే ప్రమాణం, నా అలవాటు కాదు.

వ్యాఖ్యాత: సందు సరిగ్గానే ఉంది, 24 అంకెలూ కుదిరాయి అనుకుందాం. అయినా ఆయిలు తాగే అవకాశం ఉందా?

అధ్యాపకురాలు: ఉంది. ఈ చర్చలో అసలు విషయం అదేనని నా అభిప్రాయం. బల్ల మీద ఖాళీగా ఉన్న బ్లాకు వేరు, హెడ్డు, అంటే పైమూత బిగించిన బ్లాకు వేరు. ఒక్కో బోరు చుట్టూ నాలుగు మూలల్లో నాలుగు బోల్టులు బిగిసినప్పుడు ఆ లాగుడుకు బోరు గోడ నాలుగు చోట్ల కదులుతుంది, గుండ్రంగా ఉన్నది నాలుగు రేకుల పువ్వులా మారుతుంది. తేడా ఒకటి రెండు నూరో వంతులే కావచ్చు, కానీ పిస్టను రింగు అన్ని మలుపులకూ ఒదగలేదు. ఒదగని చోట ఆయిలు పైకి వస్తుంది, గ్యాసు కిందికి జారుతుంది.

మేస్త్రీ: అందుకే టార్క్ ప్లేటు పెట్టాలంటాం. హెడ్డుకు బదులుగా మందపాటి లోహపు పలకను అవే బోల్టులతో, అదే రకం గ్యాస్కెట్టుతో (మధ్యలో వేసే పలుచని పొర), అదే టార్కుతో (తిప్పే బలంతో) బిగించి హోనింగ్ చేస్తాం. క్రాంకును పట్టి ఉంచే మెయిన్ బేరింగు క్యాపులు కూడా బిగించే ఉండాలి. పలక తీసేస్తే బోరు వంకరగా కనిపిస్తుంది, హెడ్డు ఎక్కాక గుండ్రమవుతుంది. మొదటిసారి చూసిన కస్టమరు నన్ను అనుమానంగా చూస్తాడు.

అధ్యాపకురాలు: మేస్త్రీ గారు చెప్పిన ఆరు కొలతల పద్ధతికి ఇక్కడ చిన్న సవరణ చెబుతాను, ఏమీ అనుకోకండి. నాలుగు రేకుల ఆకారాన్ని క్రాంకు వెంబడి, అడ్డంగా అనే రెండు దిక్కుల్లోనే కొలిస్తే రెండు అంకెలూ ఒకటే రావచ్చు, ఎందుకంటే ఆ రెండు గీతలూ ఒకే రకమైన చోట్ల గుండా పోతాయి. తేడా 45 డిగ్రీల ఏటవాలు గీతల్లో, అంటే బోల్టుల వైపు బయటపడుతుంది. బోరు కొలిచే గేజిని అటు కూడా తిప్పాలి.

మేస్త్రీ: మేడమ్ చెప్పింది నిజమే. ప్లేటు పెట్టినప్పుడు నేనూ ఏటవాలుగా కొలుస్తాను, మామూలు బండ్లకు మాత్రం కొలవను. ఫ్యామిలీ కారుకు ఈ పని అంతా చేస్తే కూలీ ఎవరూ ఇవ్వరు, ఆ ఇంజను అంతటి నిక్కచ్చితనం కోరదు కూడా.

యజమాని: మన ఎండలకు కొలత మారదా?

అధ్యాపకురాలు: మారుతుంది. పొడవు కొలతలకు అంతర్జాతీయ ప్రమాణ ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. మే నెలలో వరండాలో ఉన్న బ్లాకు 40 డిగ్రీల దగ్గర ఉండి, గేజిని సున్నా చేసిన మైక్రోమీటరు ఏసీ గదిలో 24 దగ్గర ఉందనుకోండి. ఆ 16 డిగ్రీల తేడాకు 81 మిల్లీమీటర్ల ఇనుప బోరు సుమారు 0.014 మిల్లీమీటరు పెద్దదిగా కనిపిస్తుంది. మీరు 8 నూరో వంతులు అనుకున్న సందులో అది ఆరో వంతుకు పైమాటే. బోరు గేజి తనంతట తానుగా సైజు చెప్పదు, మైక్రోమీటరుతో పోల్చి తేడా మాత్రమే చెబుతుంది. అందుకే బ్లాకు, పిస్టన్లు, పరికరాలు అన్నీ ఒకే గదిలో రాత్రంతా ఉండాలి.

మేస్త్రీ: హోనింగ్ రాళ్ల రాపిడికి కూడా బోరు వేడెక్కుతుంది. చివరి నూరో వంతు వదిలేసి, షట్టరు దించి ఇంటికి వెళ్లిపోతాను. తెల్లవారుజామున వచ్చి కొలిచి, మిగిలింది తీస్తాను. తర్వాత డీజిలుతో తుడిచి వదిలేయకూడదు. సబ్బు, వేడినీళ్లు, బ్రష్షుతో కడిగి, ఆయిలు పూసి, తెల్ల గుడ్డతో తుడిస్తే గుడ్డ మీద బూడిదరంగు మరక పడకూడదు. పడితే రాయి పొడి ఇంకా గీతల్లోనే ఉన్నట్టు, అదే కొత్త రింగులను తినేస్తుంది.

వ్యాఖ్యాత: మరి ఈయన బ్లాకును కాపాడుకోవచ్చా?

మేస్త్రీ: ముందు కొలవనివ్వండి. బోరు గుండ్రం తప్పి ఉంటే ఈ పిస్టన్లు పక్కన పెట్టి పై సైజుకు పోవాలి, లేదా లైనరు, అంటే బోరులో కొత్త గొట్టం వేయాలి. బ్లాకుతో పాటు పాత గ్యాస్కెట్టు కాదు, వేయబోయే రకం గ్యాస్కెట్టు, హెడ్ బోల్టులు, టార్కు లెక్కలు తీసుకురండి సార్. సాయంత్రం దించి వెళ్లండి. పొద్దున్నే ఆరుకు వస్తే గేజి మీ చేతికే ఇస్తాను.

యజమాని: బోల్టులు కొత్తవి తేవాలా?

మేస్త్రీ: రెండు జతలు తేవాలి సార్. మీ ఇంజనులో బోల్టులు సాగే రకం, ఒకసారి బిగించినవి మళ్లీ ఇంజనులో వాడకూడదు. ఒక జత ప్లేటుకు, ఇంకొకటి హెడ్డుకు.