సేవ చేసే పిల్లలకు ఆదివారం కూలి

శ్రోతలకు నమస్కారం.

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచెత్తాయి. వరద తీశాక ఇళ్లనిండా బురదే. పారలు పట్టుకుని ఆ బురదలోకి దిగినవాళ్లలో మా కాలేజీ పిల్లలూ ఉన్నారు. అప్పుడు నేను జాతీయ సేవా పథకం, అంటే ఎన్‌.ఎస్‌.ఎస్‌. ప్రోగ్రాం ఆఫీసర్‌ని. ఏ వీధికి ఎవరు పోవాలి, ఏ ఇంట్లో ముసలివాళ్లున్నారు, అన్నీ నోట్‌బుక్కులో రాసుకుని అందరినీ నడిపించిన అబ్బాయి మూడో రోజు రాలేదు. కనుక్కుంటే, "కూలికి పోతున్నా సార్, ఇంట్లో బియ్యం లేవు" అన్నాడు.

ఎన్‌.ఎస్‌.ఎస్‌.లో చేరిన విద్యార్థి రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి. ఏడు రోజుల క్యాంపు ఇంకా వేరే. ఆ గంటలన్నీ ఎక్కువగా ఆదివారాల్లో, సెలవుల్లో వస్తాయి. కర్నూలు జిల్లాలోని కోసిగి, ఆదోని వైపు పిల్లలకు అవి కూలి రోజులు. అమ్మానాన్న సుగ్గికని, అంటే వలస కూలికని, మిరప కోతలకు గుంటూరు వైపు పోతే, ఇంటి ఖర్చు చూసుకోవాల్సింది వీళ్లే. అలాంటి పిల్లలు సేవకు వస్తే ఆ రోజు కూలి పోయినట్టే.

మన స్కాలర్‌షిప్పులు చాలావరకు మార్కులు, ఆదాయం చూసి ఇస్తారు. ఇంటర్‌లో మంచి మార్కులొచ్చిన పేద పిల్లలకు డిగ్రీలో ఏడాదికి 12,000 రూపాయలిచ్చే కేంద్ర పథకం ఉంది. అది ఉండాల్సిందే. కానీ నలుగురిని కూడగట్టి పని చేయించగలిగిన పిల్లకో పిల్లాడికో కూడా డబ్బు సాయం అందాలని నా గట్టి నమ్మకం. ఆ సాయం ఉంటే వాళ్లు ఆదివారం కూలి మానుకుని రాగలుగుతారు.

విద్యార్థులకు ఒక మాట. కొన్ని ట్రస్టులు, కంపెనీలు దరఖాస్తులో మీరు చేసిన సేవ గురించి రాయమంటాయి. "నాకు నాయకత్వ లక్షణాలున్నాయి" అని రాస్తే చదివేవాళ్లకు ఏమీ తెలియదు. ఏం చేశారో రాయండి. అమ్మానాన్న సుగ్గికి పోయినప్పుడు తమ్ముడితో పాటు పక్కింటి పిల్లల్నీ రోజూ బడికి పంపిన అమ్మాయి, అది సేవే కాదనుకుని వదిలేస్తుంది. వదలొద్దమ్మా. ఎంతమందిని పంపావు, ఎన్ని నెలలు పంపావు, రాయి. ఆ బడి హెడ్మాస్టరు దగ్గర ఒక ఉత్తరం తీసుకుని జత చెయ్యి.

కాలేజీల పూర్వ విద్యార్థులకు నా విన్నపం. గోల్డ్ మెడల్ పెట్టాలనుకునేవాళ్లు, ఒక్క పేద వాలంటీరుకు క్యాంపు ఏడు రోజుల కూలి, బస్సు చార్జీ ఇచ్చి చూడండి. ఎవరికివ్వాలో మీ కాలేజీ ప్రోగ్రాం ఆఫీసర్‌ని అడగండి. ఆయన వెంటనే పేరు చెబుతారు.

నమస్కారం.