పసుపు పూశాకే తెలిసింది: హల్దీ లుక్ రివ్యూ

అందరికీ నమస్కారమండీ. ఈ వారం పెళ్ళికూతుళ్ళకి మేకప్ చేసే ఒక అమ్మాయి కోసం నేను మోడల్‌గా కూర్చున్నాను. హల్దీ లుక్. ఫోటోలు రెండు గంటల్లో అయిపోయాయి, బాగా వచ్చాయి కూడా. కానీ నగలు తీయబోతుంటే అనిపించింది, ఇంతసేపూ హల్దీ లుక్ అంటూ ఫోటోలు తీశాం, ఒంటికి చిటికెడు పసుపైనా తగల్లేదు కదా అని. అందుకే ఆ అమ్మాయిని అడిగి, అదే చీర, అవే పూల నగలు, అదే మేకప్‌తో మా డాబా మీద పీట వేసుకుని కూర్చున్నాను. అమ్మ, పిన్ని, పక్కింటి అత్తయ్యగారు కలిసి నిజంగానే నలుగు పెట్టారు. ఆ తర్వాత ఏం మిగిలింది, ఏం పోయింది అన్నదే ఈ రివ్యూ.

ముందు మేకప్. ఎక్కువ దెబ్బతిన్నది అదే. వాటర్‌ప్రూఫ్ కదా, ఏం కాదు అనుకున్నాం. నీళ్ళు చల్లితే నిజంగానే ఏం కాలేదు. కానీ మన నలుగులో నువ్వుల నూనె ఉంటుంది. వాటర్‌ప్రూఫ్ మేకప్ కరిగేదే నూనెకి. రాత్రిపూట కాటుక, మస్కారా తీసుకోవడానికి మనం దూదికి అద్దుకునేది కూడా నూనే కదా. పిన్ని బుగ్గ మీద రెండుసార్లు రాసిందో లేదో, ఫౌండేషన్ పసుపుతో కలిసి ముద్దలు ముద్దలుగా లేచిపోయింది. ఇదిగో, ఈ ఫోటో చూడండి. గడ్డం దగ్గర ఒక రంగు, నుదుటి మీద ఇంకో రంగు. పెళ్ళికూతురు ఈ ముఖంతో చుట్టాల మధ్య కూర్చుంటే ఎంత ఇబ్బంది పడుతుందో చెప్పండి.

మర్నాడు ఫౌండేషన్ లేకుండా మళ్ళీ చేశాం. సన్‌స్క్రీన్ రాసి పావుగంట ఆగాం. కనుబొమ్మలు దిద్ది, కాటుక సన్నగా పెట్టి, పెదవులకి కాస్త రంగు, కళ్యాణం బొట్టు, బుగ్గన చుక్క. అంతే. పసుపు సమంగా పట్టింది, ఎండలో ముఖం మెరిసింది. నిజం చెప్తున్నా, రెండు రోజుల ఫోటోల్లో నేను దాచుకునేవి ఈ రెండో రోజువే.

ఇంకో మాట, ఇది నా పెళ్ళిలో జరిగింది. పసుపు పెట్టే ముందు రోజు పార్లర్‌లో ఫేస్ బ్లీచ్ చేయించుకున్నాను. నలుగు పెట్టగానే ముఖమంతా మంట. ఏడుపు ఆపుకుంటూ కూర్చున్నాను. దయచేసి బ్లీచ్, థ్రెడింగ్, వ్యాక్సింగ్ లాంటివి ఉంటే నాలుగైదు రోజుల ముందే ముగించండి. మీ ఇంట్లో వాడబోయే పసుపునే ఒకరోజు ముందు మోచేతి లోపల కాస్త రాసి చూడండి. పూజకని దుకాణంలో అమ్మే పసుపు ముఖానికి వద్దు. కొమ్ములు తెచ్చి మరలో పట్టించుకోండి. దుగ్గిరాల, నిజామాబాద్ పసుపు పండే మనకి మంచి కొమ్ములు దొరకడం కష్టం కాదు.

ఇప్పుడు చీర. మంగళగిరి కాటన్, నిమ్మపండు రంగు, ఆకుపచ్చ అంచు. ఈ లుక్‌లో నాకు బాగా నచ్చింది ఇదే. ఈమధ్య చీర పసుపే, వెనకాల బంతిపూల తెరా పసుపే, ముఖానికి పూసేదీ పసుపే. అన్నీ ఒకటే రంగైతే ఫోటోలో పెళ్ళికూతురు కలిసిపోతుంది. కొన్నిసార్లు కెమెరా ఆ పసుపంతా తగ్గించబోయి ముఖాన్ని నీలంగా, నీరసంగా చూపిస్తుంది. ఆకుపచ్చ అంచు ఒక్కటి ఉండేసరికి భుజం, చెయ్యి, ముఖం విడివిడిగా కనిపించాయి. వెనకాల అరటాకులు, మామిడాకులు కట్టండి, అది చాలు. కాటన్ కాబట్టి చెమట పీలుస్తుంది. మా అమ్మమ్మ పెళ్ళికి పసుపు కొట్టిన రోజు కట్టుకున్నది కూడా మామూలు నూలు చీరేనట. అద్దెకి లెహంగా తెచ్చుకునేవాళ్ళు మాత్రం పసుపు మరక పడితే అడ్వాన్స్ తిరిగి ఇస్తారా లేదా అని ముందే అడిగి పెట్టుకోండి.

పూల నగల దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. షూటింగ్‌కి ఇచ్చినవి గుడ్డపూలు. చూడ్డానికి బాగున్నాయి, బరువు లేవు. తడి తగిలేసరికి మెడ మీద గులాబీ రంగు దిగింది, ఇదిగో ఈ గీత. రెండో రోజుకి మేమే కట్టుకున్నాం. రాజమండ్రి వాళ్ళం, కడియపులంక పూల మార్కెట్ మాకు దగ్గర. తెల్లవారుజామున వెళ్ళి మల్లెమొగ్గలు, లిల్లీలు, కాస్త కనకాంబరాలు తెచ్చాం. అమ్మ అరటినారతో కట్టింది. చెవులకి, చేతులకి, పాపిటకి మల్లెమొగ్గలు, లిల్లీలే. బంతిపూలు మాత్రం గుమ్మానికి కట్టే దండకే పరిమితం చేయండి. ఆ ఆకుపచ్చ తొడిమ మెడకి రాసుకుని నాకు దురద పెట్టింది. కట్టిన పూలని తడిగుడ్డలో చుట్టి ఉంచితే, మధ్యాహ్నం పెట్టుకునేటప్పటికి కూడా మొగ్గలు అప్పుడే విచ్చుతున్నాయి. ఆ వాసన కెమెరాకి అందదు. పక్కన కూర్చున్న అత్తయ్యగారు మాత్రం రెండుసార్లు అన్నారు, పెళ్ళిల్లులా ఉందమ్మా అని.

చివరగా మరకలు. చీరని ముందు ఉత్త నీళ్ళలో జాడించండి. సబ్బు పెట్టగానే మరక ఎర్రగా మారుతుంది, టెన్షన్ పడకండి. సున్నం కలిపితే పసుపు ఎర్రబడి పారాణి అవుతుంది కదా, ఇదీ అదే. సబ్బులోని క్షారం వల్ల వచ్చిన ఎరుపు, బాగా జాడిస్తే మళ్ళీ పసుపు రంగుకే వస్తుంది. తర్వాత ఎండలో ఆరేయాలి. పసుపు రంగు ఎండకి నిలవదు, వెలిసిపోతుంది. నాది రెండు రోజులు డాబా మీద ఉంది. ఇప్పుడే తీసుకొచ్చాను, దగ్గరగా చూపిస్తాను. అంచు శుభ్రంగా ఉంది. పమిట మీద ఇక్కడ సన్నటి మచ్చ, మడతలో కలిసిపోతుంది. సిల్క్ జాకెట్టుకి మాత్రం చంకల దగ్గర మరక అలాగే ఉండిపోయింది. కాబట్టి చీరతోపాటు జాకెట్టు కూడా కాటన్‌దే కుట్టించుకోండి.