గెడిని ఇరవై నిమిషాల్లో చుట్టేయకండి

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన టైం దానికే సరిపోతుంది, అందుకని అందరికీ కలిపి ఒకటే దండం. కెన్యాలో చూడదగ్గ ప్రదేశాల మీద మాట్లాడమన్నారు. మసాయి మారా గురించి నేను చెప్పేదేముంది, ఇక్కడ సగం మంది ఫోన్లలో సింహాలున్నాయి. నేను గెడి గురించే మాట్లాడతాను.

కెన్యా తీరంలో మాలింది అనే పట్నానికి దక్షిణంగా, సముద్రానికి కొన్ని కిలోమీటర్ల లోపల, అడవిలో ఉంటుందీ ఊరు. పదిహేడో శతాబ్దం మొదట్లో జనం వదిలేసి పోయారు. నీళ్ళు అడుగంటాయని కొందరంటారు, దాడుల భయమని కొందరంటారు. 2024లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. ఇక్కడిదాకా బోర్డు మీద చదువుకోవచ్చు.

నా బాధ వేరే. ఆమధ్య మనవాళ్ళతో కలిసి వెళ్ళాం. ఇరవై నిమిషాలకే ఒకాయన బస్సు దగ్గరికొచ్చి, "ఏముందండీ, మొండిగోడలు, కోతులు. అరబ్బులెవరో కట్టి పోయుంటారు" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. జీవితమంతా సైట్లలో సున్నం, సిమెంటు మధ్య బతికినవాణ్ణి, గోడ చూస్తే కట్టినవాడి పని కనబడుతుంది నాకు. అవి పగడపు రాళ్ళు. అదే పగడాన్ని కాల్చి సున్నం చేసి గచ్చు వేశారు. గదులన్నీ సన్నగా పొడుగ్గా ఎందుకున్నాయో గమనించారా? పైకప్పుకి మడచెట్ల దూలాలు, అవి ఎంత పొడుగు దొరికితే గది అంతే వెడల్పు. ఆ తీరంలో దొరికే సరుకుతో, ఆ తీరం తెలిసినవాళ్ళు కట్టిన ఊరది.

ఇంక మరుగుదొడ్లు! నవ్వకండి, వెనక వరుసలో వాళ్ళూ, మీకే చెప్తున్నాను. ఇళ్ళల్లోనే గుంట దొడ్డి, పక్కనే కడుక్కునే చోటు, ఊళ్ళో బావులు. ఇళ్ళకి పేర్లు కూడా తవ్వకాల్లో దొరికిన వస్తువుల్ని బట్టే పెట్టారు: చైనా నాణేల ఇల్లు, కత్తెర ఇల్లు, గవ్వల ఇల్లు, దంతపు పెట్టె ఇల్లు. ఒక సమాధి మీద హిజ్రీ 802 అని ఉంటుంది, అంటే 1399. పెద్ద మసీదులో ఒక ద్వారం కమాను పక్కన ఈటె మొన చెక్కి ఉంటుంది, మసీదు గుమ్మం మీద ఈటె! అక్కడ కాసేపు నిలబడండి, అరచెయ్యంత బొమ్మ, ఆగకుండా నడిచేవాళ్ళకి కనబడదు.

అరబ్బుల మాట దగ్గరికి మళ్ళీ వస్తాను, అది వదలను. 1948 నుంచి గెడిని తవ్విన జేమ్స్ కిర్క్‌మన్ కాలంలో చాలామంది అలాగే అనుకునేవారు. తర్వాత ఉత్తరాన లాము దీవుల్లో శాంగా అనే ఊరు తవ్వితే, రాతి మసీదు కింద మట్టి, కర్రలతో కట్టిన మసీదులు ఒకదాని కింద ఒకటి బయటపడ్డాయి. అంటే అక్కడివాళ్ళ పల్లే పెరిగి పెరిగి రాతి ఊరైంది. పర్షియా వైపు నుంచి మగవాళ్ళొచ్చి ఇక్కడి ఆడవాళ్ళని పెళ్ళాడారని 2023లో డీఎన్ఏ పరిశోధన చెప్పింది, అదీ నిజమే, కాదనను. అల్లుడొచ్చాడని అత్తగారి ఊరు అల్లుడు కట్టినట్టా? చెప్పండి మీరే!

టైం అయిపోయిందని చీటీ పంపారు. రెండు ముక్కలు. పొద్దున్నే వెళ్ళండి, ఎండెక్కితే ఆ అడవిలో ఉక్కపోత భరించలేరు. గైడుని మాట్లాడుకోండి, డబ్బుకి చూసుకోవద్దు. అరటిపండ్లు సంచిలో దాచండి, కోతులు లాక్కుపోతాయి. లోపలి ప్రాకారం దగ్గరే వెనక్కి తిరగకండి, బయట ఇంకో ప్రాకారం ఉంది, ఆ రెండింటి మధ్య చెట్లల్లో కూడా నడవండి. డిసెంబరు సెలవుల్లో మళ్ళీ తీసుకెళ్తున్నాను, ఈసారి బస్సు మధ్యాహ్నం భోజనాల దాకా కదలదు, ఆ షరతుకి ఒప్పుకునేవాళ్ళు టీ టేబుల్ దగ్గర పేరు రాయించండి. ఆ బస్సు దగ్గరికొచ్చినాయన కూడా ఇక్కడే ఉన్నారు, ఆయన పేరు నేనే రాసేశాను.