అవ్వ చెప్పింది అవ్వ ముందే ఆడాలి

అందరికీ నమస్కారం.

ఊరి జ్ఞాపకాలతో నాటకం ఎలా వెయ్యాలో ఎక్కడికి పోయి నేర్చుకోవాలని మన పిల్లలు అడుగుతున్నారు. ముందు మన చుట్టుపక్కలే చూడమంటాను. చిత్తూరు పల్లెల్లో ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతం ఉత్సవం పెడితే పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడి వేషగాడు తపస్సు మాను అనే పొడుగాటి స్తంభం ఎక్కేనాడు పిల్లల కోసం మొక్కుకున్న ఆడవాళ్లు తడిబట్టలతో మాను కింద పడుకుంటారు. దుర్యోధన వధ రోజు మట్టితో చేసిన దుర్యోధనుడి పెద్ద బొమ్మ చుట్టూ దుర్యోధన వేషగాణ్ణి భీముడు తరుముతుంటే జనం కూడా వెంట పరుగెత్తుతారు. ఇక తిరుపతి గంగ జాతర సంగతి మీకు చెప్పక్కర్లేదు. బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు పూసుకుని మామూలు మనుషులే వీధిలోకి వస్తారు. ఆడేవాళ్లు, చూసేవాళ్లు అని గీత గీసుకోని ఊళ్లు మనవి. కాబట్టి మనకు స్టేజీ గురించి బెంగ వద్దు. కథ సంపాదించడమే కష్టం.

ముసలివాళ్ల ముందు ఫోన్ పెట్టి, "అవ్వా, మీ జీవితం చెప్పండి" అంటే ఆమె గొంతే మారిపోతుంది. నలుగురూ మెచ్చేదే చెబుతుంది. పక్కన కూర్చుని ఆమెతో పాటు చెనిక్కాయలు వలవండి. చేతులు పనిలో పడితే మాట దానంతటదే వస్తుంది.

ఎద్దులతో నీళ్లు తోడే కపిల బావి గురించి ఒక అవ్వ అలాగే చెప్పింది. ఎద్దులు వాలులో దిగేటప్పుడు ఆమె మామ మోకు మీద కూర్చునేవాడట, బరువు కోసం. బాన తొండంలోంచి నీళ్లు కాలవలో పడగానే ఈమె మడవ తిప్పాలి, అంటే కాలవ గట్టు తీసి నీళ్లు మడిలోకి మళ్లించాలి. ఎలాగని అడిగితే లేచి నిలబడి చూపించింది: మడమ ఆనించి, వేళ్లతో బురద లాగి, అరికాలితో ఒక్క అదుము. మా బృందంలోని అమ్మాయి ఆ పాదం కదలికను నేర్చుకుంది. ఆ సీనుకు డైలాగు రాయలేదు, అవసరం లేదు కూడా.

ఒకే సంగతిని ఇద్దరు రెండు రకాలుగా చెబితే ఏం చెయ్యాలి? 1944లో తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు పడింది. అంతకుముందు కొండెక్కాలంటే కాలినడకైనా కావాలి, డోలీ అయినా కావాలి. నడవలేని తల్లిని దర్శనానికి తీసుకుపోయిన ఇంట్లో ఆ రోడ్డు దేవుడిచ్చిన వరం. డోలీ మోసి బతికిన ఇంట్లో అది కూడు పోయిన సంగతి. దయచేసి రెండూ ఆడండి. మధ్యలో ఒక సూత్రధారిని పెట్టి తీర్పు చెప్పించకండి. తగువు తెగకపోతే నాటకం అయ్యాక కూడా జనం మాట్లాడుకుంటారు, అప్పుడు మూడో ఇంటి కథ బయటికి వస్తుంది.

ఇంకోటి, ఇందులో మొహమాటం లేదు. మనకు కథ ఇచ్చిన మనిషి పరువు మన చేతిలో ఉంటుంది. కరువులో తాళిబొట్టు తాకట్టు పెట్టిన సంగతి ఆమె మనకు చెప్పిందంటే మనల్ని నమ్మి చెప్పింది, ఊరందరికీ చెప్పమని కాదు. అడగండి. ఊరి పేరు మార్చమంటే మార్చండి, వద్దంటే వదిలేయండి, ఎంత మంచి సీనైనా సరే. మొదటి రిహార్సల్ ఆమె వాకిట్లోనే పెట్టండి. మధ్యలో "అట్ల కాదు నాయనా" అని ఆమె అంటే, అక్కడే ఆపి మళ్లీ ఆమెనే అడగండి.