ఎకో వైపు నుంచి

శ్రోతలకు నమస్కారం.

నార్సిసస్ కథ చాలామందికి సగమే గుర్తుంటుంది. కొలనులో తన నీడ చూసుకుని, దాన్నే ప్రేమించి, అక్కడే కృశించిపోయిన అందగాడు. రోమన్ కవి ఓవిడ్ చెప్పిన కథలో ఇంకొకరు కూడా ఉన్నారు. ఎకో అనే వనదేవత. శాపం వల్ల ఆమెకు సొంత మాట లేదు, ఎదుటివారి చివరి మాటలను తిరిగి పలకడం తప్ప. నార్సిసస్‌ను ప్రేమించి, ఛీకొట్టించుకుని, చివరికి ఒట్టి గొంతుగా మిగిలింది. తానే లోకమనుకుని ఎదుటివారి బాధను పట్టించుకోని స్వభావానికి నార్సిసస్ పేరు మీదే నార్సిసిజం అని పేరు వచ్చింది. దాని లక్షణాలను ఈ వేళ ఎకో వైపు నుంచి, అంటే పక్కనున్నవారి వైపు నుంచి చూద్దాం.

సొంత డబ్బా కొట్టుకోవడమే ఆ లక్షణమని అనుకుంటాం. నేను దానికి పెద్ద విలువ ఇవ్వను. ప్రతి పెళ్లి పందిట్లోనూ తన ఘనకార్యాలు వల్లించే పెదనాన్న ఒకరుంటారు. మనకు జ్వరమొస్తే అర్ధరాత్రి ఆటో తీసుకుని వచ్చేదీ ఆయనే.

అసలు ఆనవాలు వేరే చోట ఉంటుంది. ఒక ఇల్లు ఊహించుకోండి. భార్య ఆసుపత్రి నుంచి వచ్చి, "గడ్డ ఉందట, పరీక్ష చేయించమన్నారు" అంటుంది. "ఈ మాట ఇప్పుడే చెప్పాలా? రేపు నాకు ఎంత పెద్ద మీటింగు ఉందో తెలుసా?" అంటాడు భర్త. రెండు నిమిషాల తరువాత క్షమాపణ చెబుతున్నది ఆమె! ఒకసారి జరిగితే అలసట అనుకోవచ్చు. ఎవరి బాధ మొదలైనా ప్రతిసారీ అతని దగ్గరికే చేరుతుంటే ఆలోచించాలి. చిన్న విమర్శకు రోజుల తరబడి మాటలు మానేయడం, "నేను అలా అననే లేదు, నువ్వే ఊహించుకున్నావు" అనడం, తోటివాడికి పదోన్నతి వస్తే దానికొక మచ్చ వెతకడం కూడా ఈ కోవలోవే. ఆడవారిలోనూ ఉంటుంది, అత్తగారిలోనూ అధికారిలోనూ ఉంటుంది.

గొంతు పెంచని రకమూ ఒకటుంది. "నా విలువ ఎవరికీ తెలియదు" అని నిట్టూరుస్తూ ఇంటిల్లిపాదినీ తన చుట్టూ తిప్పుకుంటారు. పట్టుకోవడం కష్టం, ఎందుకంటే జాలి వేస్తుంది.

అయితే ఈ పేరును గొడవలో విసరకండి. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లో దీన్ని వ్యక్తిత్వ రుగ్మతగా తన నిర్ధారణ గ్రంథంలో చేర్చింది. అందులో ఇప్పుడున్న 9 లక్షణాలలో కనీసం 5 ఉండాలి, యౌవనం తొలినాళ్ల నుంచీ ఇంటా బయటా కనబడాలి. ఆ నిర్ధారణ నిపుణుల పని. దీనికంటూ ప్రత్యేకమైన మందు లేదు, మాటలతో సాగే దీర్ఘ చికిత్సే దారి. పైగా ఇలాంటివారు తమంతట తాము రావడం అరుదు. కాపురమో ఉద్యోగమో చెడి, దిగులు ముంచుకొచ్చాక వస్తారు.

మరి పక్కనున్నవారు? ఏ రోజు ఏ మాట జరిగిందో ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. మీ జ్ఞాపకం మీద మీకే అనుమానం వచ్చినప్పుడు అది పనికొస్తుంది, కానీ వారి కంటపడని చోట ఉంచండి. ఒక్క స్నేహాన్నైనా వదులుకోకండి. చేయి చేసుకుంటున్నా, భయపెడుతున్నా వాదనకు దిగవద్దు. మహిళలకు 181 సహాయ ఫోను నంబరు ఉంది. మనసు గురించి మాట్లాడాలంటే కేంద్ర ప్రభుత్వ టెలీమానస్ 14416కు ఉచితంగా, తెలుగులోనే ఫోను చేయవచ్చు. ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే, మొన్న మీ ఇంట్లో జరిగింది జరిగినట్టు చెప్పండి.

నమస్కారం.