సరిహద్దులో ఆగేది ఇనుము కాదు, పేరు! రీలోడింగ్ టూల్స్ మీద ఇంత గోల ఎందుకు?

ఇదిగో, కెమెరాకు దగ్గరగా పెడుతున్నా, బాగా చూడండి. నా వేళ్ల మధ్య ఉన్న ఈ ఉక్కు బిళ్ళ బొటనవేలి గోరు కన్నా కాస్త పెద్దది. ఒక పక్క చీలిక, మీద చెక్కిన ఒక నంబరు. అంతే! దీన్ని షెల్ హోల్డర్ అంటారు. రీలోడింగ్‌లో, అంటే వాడేసిన తూటా తొడుగును మళ్ళీ నింపే పనిలో వాడతారు. వాడేసిన తూటా ఇత్తడి తొడుగు అడుగు అంచు ఈ చీలికలోకి జారి కూర్చుంటుంది. ప్రెస్ అనే చేతి యంత్రం హ్యాండిల్ నొక్కితే తొడుగు కదలకుండా పైకి లేస్తుంది. ఇందులో కదిలే భాగం లేదు, స్ప్రింగు లేదు, మందు లేదు. దీన్ని విసిరికొడితే పిచ్చుక కూడా ఎగిరిపోదు.

ఈ బిళ్ళను దేశం దాటించడానికి ఒక పెద్ద ఆన్‌లైన్ షాపు ఒప్పుకోలేదు. పేరు చెప్పను, అందరూ అలాగే ఉన్నారు. అదే కార్ట్‌లో ఒక డిజిటల్ కాలిపర్ (మందం కొలిచే పనిముట్టు), ఒక మిల్లీగ్రాము తూకం, ఒక బెంచ్ వైస్ కూడా పెట్టాను. ఆ మూడింటికీ పచ్చ టిక్కు వచ్చింది. బిళ్ళ పక్కన మాత్రం ఎర్ర అక్షరాలతో 'ఈ వస్తువు మీ చిరునామాకు పంపబడదు' అని. తుపాకీ మందును గింజల లెక్కన కొలిచే తూకం పోతుంది, తొడుగు నిలబెట్టే బిళ్ళ పోదు. ఎందుకు? ఎందుకంటే తూకం 'తూకాలు' అనే అరలో ఉంది, బిళ్ళ 'రీలోడింగ్' అనే అరలో ఉంది!

ఈ వీడియో మొత్తం ఈ ఒక్క మాట కోసమే. సరిహద్దులో ఆగేది ఇనుము కాదు, దాని మీద రాసిన పేరు.

గొడవ ఏంటో చెప్తాను. లైసెన్సు ఉన్న టార్గెట్ షూటర్లు, వాడిన తొడుగుల్లో మళ్ళీ ప్రైమర్ (మందును అంటించే చిన్న మూత), మందు, గుండు పెట్టుకుని తమ తూటా తామే తయారు చేసుకుంటారు. దానికి కావాల్సిన ప్రెస్, డైలు (ప్రెస్‌లో బిగించి తొడుగును సరైన ఆకారానికి తెచ్చే అచ్చులు) వేరే దేశం నుంచి తెప్పించుకోబోతే తలుపులు మూసుకుంటున్నాయి. అమ్మేవాళ్ళు చట్టం అంటారు, కొనేవాళ్ళు చాదస్తం అంటారు. నన్నడిగితే రెండూ.

ముందు చట్టం సంగతి చూద్దాం, త్వరగా చెప్పేస్తాను. ఆయుధాల ఎగుమతి మీద దేశాలు కుదుర్చుకున్న వాసెనార్ ఒప్పందం అని ఒకటుంది, 1996లో మొదలైంది, ఇప్పుడు 42 దేశాలు ఉన్నాయి, భారతదేశం 2017 డిసెంబర్‌లో చేరింది. అందులో ఆయుధాల జాబితా ఉంటుంది. దాని 18వ అంశం ఏమంటుందంటే, జాబితాలోని వస్తువుల్ని తయారు చేయడానికి ప్రత్యేకంగా రూపొందించిన పరికరాలు కూడా జాబితాలోవే. జాబితాలో తూటాలున్నాయి కాబట్టి తూటాలు చేసే యంత్రం కూడా వచ్చి చేరింది. రోజుకు లక్షల తూటాలు ఊడిపడే ఫ్యాక్టరీ లైను గురించి రాసిన వాక్యం అది. గంటకు యాభై తూటాలు చేసుకుంటూ మధ్యలో టీ తాగే మనిషి చేతి ప్రెస్ కూడా ఆ వాక్యం కిందికే వస్తుందా అనే ప్రశ్న దగ్గరే అందరికీ టెన్షన్.

ఇప్పుడు అమెరికాకు రండి. ఎందుకంటే ఈ రంగంలో పేరున్న కంపెనీల్లో ఎక్కువ భాగం అక్కడివే. విస్కాన్సిన్‌లో లీ, నెబ్రాస్కాలో హార్నడీ, ఆరిజోనాలో డిల్లన్, న్యూయార్క్ రాష్ట్రంలో రెడింగ్. కాబట్టి ప్రపంచంలో ఎక్కడ కొన్నా, అమెరికా వాణిజ్య శాఖ ఎగుమతి నిబంధనలు మీ బల్ల మీదికి వచ్చి కూర్చుంటాయి. 2020 మార్చి 9న తుపాకులు, తూటాలలో చాలావాటిని విదేశాంగ శాఖ జాబితా నుంచి వాణిజ్య శాఖ జాబితాకు మార్చారు. అప్పటి నుంచి తూటాల తయారీ పరికరాలకు 0బీ505 అనే కోడ్. ఆ కోడ్ కింద రాసినవి వింటే నవ్వొస్తుంది: జిగ్‌లు, అచ్చులు, ఫిక్స్చర్లు, ఆ పక్కనే 'డైలు'. అవును, డైలు! పేరు పెట్టి రాశారు.

ఇంకా గమ్మత్తు ఉంది. అదే నిబంధనల్లో 'ప్రత్యేకంగా రూపొందించినది' అనే మాటకు పేజీలు పేజీలు నిర్వచనం ఉంది. అందులో ఒక మినహాయింపు: బోల్టు, నట్టు, వాషరు, స్ప్రింగు, పిన్ను, ఇవి ఎందులో వాడినా సరే, వదిలేస్తారు. అంటే నా ప్రెస్‌లో స్ప్రింగు విరిగితే హాయిగా వచ్చేస్తుంది. దాని పక్కన ఉండే డైకి మాత్రం పరీక్ష పెడతారు. ఆ డై పైన ఉండే మర కూడా రహస్యం కాదు, 7/8 అంగుళం వ్యాసం, అంగుళానికి 14 మరలు. దశాబ్దాలుగా దాదాపు అన్ని కంపెనీలూ అదే కొలత వాడుతున్నాయి. ఒక కంపెనీ డై ఇంకో కంపెనీ ప్రెస్‌లో గిర్రున తిరిగి కూర్చుంటుంది. ఇంత బహిరంగమైన ఇనుము ఇంకోటి చూపించండి!

మరో మాట. అమెరికా నుంచి ఒకసారి వస్తువు బయటికొస్తే చట్టం అక్కడే ఉండిపోతుందనుకుంటారు. ఉండిపోదు, వెంటే వస్తుంది. అక్కడ పుట్టిన వస్తువును మీరు రెండో దేశం నుంచి మూడో దేశానికి అమ్మినా ఆ నిబంధనలే. మీ పాత ప్రెస్ పక్క దేశంలో ఉన్న స్నేహితుడికి ఇచ్చేద్దామనుకుంటున్నారా? కొంచెం ఆగండి.

ఇక నాకు ఒళ్ళు మండే భాగం. దేశం మారితే అదే వస్తువు జాతకం మారిపోతుంది. అమెరికా 1968 తుపాకుల చట్టంలో 'అమ్యునిషన్' అంటే తూటాతో పాటు ఖాళీ తొడుగు, ప్రైమర్, గుండు, మందు, వీటిలో ఏ ఒక్కటైనా. ఖాళీ తొడుగు! పేలిపోయి, నల్లబడి, నేల మీద దొర్లే ఇత్తడి. అదే అమెరికాలో ప్రెస్ కొనడానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు, నడిచెళ్ళి కొనుక్కోవచ్చు. ఇప్పుడు భారతదేశం 1959 ఆయుధాల చట్టం తీయండి. అక్కడ 'అమ్యునిషన్' నిర్వచనంలో తూటా భాగాలు, తూటా తయారు చేసే యంత్రాలు కూడా ఉన్నాయి. అంటే యంత్రమే తూటా! ఆ యంత్రం దిగుమతి కావాలంటే తూటాల దిగుమతికి ఉండే లైసెన్సు గుమ్మమే తొక్కాలి. జర్మనీకి పోతే ప్రెస్ గురించి ఎవరూ పట్టించుకోరు, కానీ మందు డబ్బా ముట్టుకోవాలంటే పేలుడు పదార్థాల చట్టం 27వ సెక్షన్ అనుమతి ఉండాలి. దానికి చదువు, పరీక్ష. బ్రిటన్‌లో 2006 చట్టం ప్రకారం ప్రైమర్లు కొనాలంటే సర్టిఫికెట్ చూపించాలి, ప్రెస్‌కు అక్కర్లేదు.

ఇందులో తెలివైన పని చేసింది ఎవరో చెప్పండి. నేను చెప్తాను, జర్మనీ. ఎందుకంటే పేలేది మందు, ప్రైమర్. ఇనుము పేలదు. ప్రైమర్ లేకుండా ప్రపంచంలో ఉన్న డైలన్నీ తెచ్చి కుప్ప పోసినా ఒక్క తూటా పేలదు. పట్టుకోవాల్సిన మెడ అది. దాన్ని వదిలి కాళ్ళ గజ్జెలు పట్టుకుంటే ఎలా?

'అలా కాదు, ముఠాల చేతికి పోతే?' అంటారు. పోకూడదు, ఒప్పుకుంటాను. ఫ్యాక్టరీ యంత్రాలకు లైసెన్సు ఉండాల్సిందే, నిషేధం ఉన్న దేశాలకు పోకూడదు. కానీ ఒక్కొక్కటిగా చేతితో తూటాలు చేసుకుంటూ యుద్ధానికి దిగే ముఠాను నాకు చూపించండి, వాళ్ళ ఓపికకు దండం పెడతాను.

ఇంకో వింత వినండి, ఇది చెప్పకుండా పోతే నాకు నిద్ర పట్టదు. రీలోడింగ్ పుస్తకాలుంటాయి, లావుపాటివి. ఏ గుండుకు ఏ మందు, ఎన్ని గ్రెయిన్లు, ఎంత వేగం వస్తుంది, అన్నీ పట్టికలే. ఒక గ్రాముకు సుమారు 15.43 గ్రెయిన్లు, అంటే అంత సన్నని లెక్క. అసలు విద్యంతా ఆ పుస్తకంలోనే ఉంది. దానికి సరిహద్దు లేదు! అచ్చయి అందరికీ దొరికే సమాచారం అమెరికా ఎగుమతి నిబంధనల పరిధిలోకే రాదు. అంటే విద్య విమానమెక్కి వెళ్ళిపోతుంది, ఇనుప ముక్క గోడౌన్‌లో కూర్చుని దుమ్ము కొట్టుకుంటుంది.

విమానం అన్నాను కదా, అక్కడా అంతే. ఎయిర్‌లైన్ ముందే ఒప్పుకుంటే, సరిగ్గా ప్యాక్ చేసిన తూటాలు ఒక్కో ప్రయాణికుడు 5 కిలోల దాకా చెక్-ఇన్ సామానులో పెట్టుకోవచ్చని అంతర్జాతీయ విమాన నియమాలు అంటాయి. మందూ ప్రైమరూ గుండూ అన్నీ కలిసి బిగిసి ఉన్న తూటా వెళ్తుంది. అదే ప్రైమరు విడిగా ఒక్క డబ్బీ పెట్టారో, అయిపోయారు. ఇది మాత్రం సరైన నియమమే, ప్రైమర్లు ఒకచోట కలిసి ఉంటే ఒకటి పేలితే అన్నీ పేలతాయి. పాత ప్రెస్ సూట్‌కేసులో పెట్టుకెళ్ళేవాళ్ళకు ఒక మాట: ఎయిర్‌పోర్టులో గుడ్డ ముక్కతో తుడిచి మెషిన్‌లో పెడతారు చూడండి, అది పేలుడు పదార్థాల జాడ పట్టే మెషిన్. పదేళ్ళు మందు తిన్న ప్రెస్ దాని ముందుకెళ్తే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. పైగా సూట్‌కేసులో పెట్టుకెళ్ళినా అది ఎగుమతే, నిబంధనలు మారవు.

కొంచెం పక్కదారి, క్షమించండి. తొడుగులు తళతళలాడడానికి టంబ్లర్‌లో వేసి తిప్పుతారు. అందులో పోసేది మొక్కజొన్న బెండు పొడి, లేదా అక్రోట్ పెంకుల పొడి. ఒక మిత్రుడు టంబ్లర్‌తో పాటు ఆ పొడి బస్తా కూడా తెప్పించుకున్నాడు. ఆయుధాల వాళ్ళు పట్టుకుంటారేమో అని వారం రోజులు గుండె చేతిలో పెట్టుకున్నాడు. పట్టుకున్నది ఎవరో తెలుసా? మొక్కల క్వారంటైన్ వాళ్ళు! మొక్క నుంచి వచ్చిన పదార్థం కదా, పురుగులుంటాయేమోనని. టంబ్లర్ ఇంటికొచ్చింది, పొడి రాలేదు.

ఇప్పుడు సీరియస్‌గా ఒక మాట. ఇంత తిట్టాక కొందరు తెలివితేటలు చూపిస్తారు, 'మెషిన్ పార్ట్స్ అని రాసి పంపేస్తే పోలా?' అని. పోదు! పేరు మీద నాకు కోపం ఉంది కానీ, పేరు మార్చి అబద్ధం రాయడం వేరే కథ. అమెరికా 2018 ఎగుమతి చట్టంలో తెలిసి ఉల్లంఘిస్తే పది లక్షల డాలర్ల దాకా జరిమానా, 20 ఏళ్ళ దాకా జైలు. ఒక డై కోసం! ఫార్వర్డింగ్ కంపెనీ చిరునామాకు పంపించుకుని అక్కడి నుంచి తెప్పించుకుందాం అనేవాళ్ళకూ అదే జవాబు. మధ్యలో ఎవరిని పెట్టినా ఎగుమతి ఎగుమతే. వాళ్ళ నిషేధిత జాబితాలో కూడా మొదటి వరుసలోనే ఇవి ఉంటాయి, పెట్టె తెరిచి చూశాక అక్కడే ఆపేస్తారు. డబ్బులూ పోతాయి, వస్తువూ పోతుంది.

మరి షాపులు అన్నింటికీ ఎందుకు వద్దంటున్నాయి? నా థియరీ ఇదీ. వాణిజ్య శాఖ ఎగుమతి లైసెన్సు దరఖాస్తుకు ఫీజు కూడా తీసుకోదు. సమస్య డబ్బు కాదు, మనిషి. ఏ బిళ్ళ ఏ కోడ్‌లోకి వస్తుందో కూర్చుని చదివే మనిషికి జీతం ఇవ్వాలి. పైగా నియమాలు ఊయలలూగుతున్నాయి. 2020లో మార్చారు. 2023 అక్టోబర్‌లో చాలా దేశాల్లోని ప్రభుత్వేతర కొనుగోలుదార్లకు తుపాకులు, తూటాల కొత్త లైసెన్సులు ఆపారు. 2024లో బిగించారు, 2025లో ఆ బిగింపు తీసేశారు. ఇలాంటప్పుడు షాపు యజమాని ఏం చేస్తాడు? 'రీలోడింగ్' అనే అర మొత్తానికి ఒకే బటన్ నొక్కేస్తాడు. డై ఆగిపోతుంది, షెల్ హోల్డర్ ఆగిపోతుంది, ఆ అరలో ఉన్న ప్లాస్టిక్ గరాటు కూడా ఆగిపోతుంది. నేను చూశాను, గరాటు! నీలం రంగుది.

అందుకే షాపును వదిలి తయారీదారుకే రాయండి, లేదా మీ దేశంలో వాళ్ళ అధికారిక డీలర్ ఉన్నాడేమో చూడండి. డీలర్ ఒకేసారి పెట్టెల కొద్దీ తెప్పించుకుంటాడు, ఒక్క లైసెన్సు మీద. ఉత్తరంలో వస్తువు పార్ట్ నంబర్ రాసి, దాని కోడ్ ఏంటో అడగండి. నేను ఈ బిళ్ళ గురించి అలాగే రాశాను. తొమ్మిదో రోజు జవాబొచ్చింది, రెండు లైన్లే: కోడ్ చూసి చెప్తాం, ఈలోగా కాలిపర్ మీద తగ్గింపు ఉంది, కావాలా అని.