ఎయిర్ ఫ్రయరా, ఓటీజీనా, మూకుడా? శనగలు ఎందులో కరకరలాడాయి | బెజవాడ వంటింటి రివ్యూ

హాయ్ అండీ, నమస్తే. ఈ మధ్య రీల్స్ ఓపెన్ చేస్తే చాలు క్రంచీ శనగలు, హెల్దీ స్నాక్ అని ఒకటే గోల కదా. సరే ఇందులో నిజమెంత, మన బెజవాడ ఉక్కపోతలో అవి అసలు కరకరలాడతాయా అని ఎయిర్ ఫ్రయర్‌లో, ఓటీజీ అంటామే ఆ చిన్న కరెంటు ఓవెన్‌లో, మామూలు ఇనప మూకుడులో, మూడిట్లోనూ అవే శనగలు వేయించి చూశాను, ఇవాళ్టి రివ్యూ అదే.

వీడియో సగంలో కట్టేసి వెళ్ళేవాళ్ళ కోసం ముందే చెప్పేస్తున్నా, దేంట్లో వేయించినా సరే, తడి ఆరకపోతే పని అవ్వదు.

శనగలు వన్‌టౌన్ కాళేశ్వరరావు మార్కెట్‌లో తెచ్చా, తెల్లవి, కాబూలీ అంటామే అవి. నల్ల శనగలు వద్దా అంటే వద్దనను గానీ వాటి తోలు మందం, వేగాక పంటికి గట్టిగా తగుల్తాయి, పళ్ళు బాగున్నోళ్ళు ట్రై చేయండి. రాత్రి నానబోసి పొద్దున్నే ఉప్పేసి కుక్కర్‌లో ఒక విజిల్, మహా అయితే రెండు. వేళ్ళ మధ్య నొక్కితే అణగాలి, ముద్ద మాత్రం అవ్వకూడదు. ఫారిన్ వీడియోల్లో డబ్బా మూత తీసి డైరెక్టుగా వేసేస్తారు చూడండి, అవి ముందే ఉడికినవి, అందుకే వాళ్ళు ఈ ముక్క చెప్పరు, అది చూసి మనోళ్ళు నానిన పచ్చి శనగలు అలాగే ఫ్రయర్‌లో పడేసి గులకరాళ్ళలా అయ్యాయేంటండీ అని అడుగుతారు.

ఇదిగో, కెమెరా దగ్గరికి పెడుతున్నా, ఇటు చూడండి. శనగ మీద ఇలా నిగనిగ మెరుస్తోందంటే ఇంకా తడి ఉన్నట్టే. పాత కాటన్ పంచె మీద పరిచి, ఇంకో గుడ్డతో మెల్లగా అద్ది, ఫ్యాన్ కింద గంట వదిలేయండి. ఇప్పుడు ఇది చూడండి, మెరుపు పోయి తోలు మీద సన్నగా ముడతలు వచ్చాయా, ఇదీ లెక్క. ఊడిపోయిన తోళ్ళు ఏరి పారేయండి, ముందు మాడేవి అవే. లోపల నీళ్ళు ఆవిరై పోయేదాకా శనగ ఉడుకుతూనే ఉంటుంది, వేగడం ఆ తర్వాతే మొదలు.

ఎయిర్ ఫ్రయర్ 190 డిగ్రీలు, 15 నుంచి 20 నిమిషాలు, మధ్య మధ్యలో బుట్ట కుదపాలి, ఒకే వరస పరవాలి. టప్ టప్ అని పగిలే శబ్దం వస్తుంది, కంగారు పడకండి. క్రంచ్ మాత్రం, ఇదిగో మైక్ దగ్గర కొరుకుతున్నా, వినపడిందా, సూపరండీ. కరెంటు కూడా 1400 వాట్ల మెషిన్‌కి 20 నిమిషాలంటే అర యూనిట్ లోపే. కాకపోతే వాయికి వచ్చేది చిన్న గిన్నెడు, ఇంట్లో నలుగురుంటే రెండో వాయి వేగేలోపు మొదటిది ఖాళీ. ఉంటే వాడండి, శనగల కోసం కొత్తగా కొనక్కర్లేదు.

ఓటీజీ 200 డిగ్రీలు, 35-40 నిమిషాలు, ట్రే నిండా ఒకేసారి అయిపోతాయి, కట్టేశాక తలుపు కొంచెం తెరిచి అందులోనే చల్లారనిస్తే ఇంకా బాగుంటాయి. మే నెలలో మాత్రం నా వల్ల కాదు బాబోయ్.

మూకుడైతే నూనె ఎక్కువ పడుతుంది, సన్న సెగ మీద అరగంట కలుపుతూనే ఉండాలి, వాసన కమ్మగా ఉంటుంది గానీ లోపల కాస్త మెత్తదనం పోదు. బండి మీద ఇసకలో వేయించేవాళ్ళకి ఆ బాధ లేదు, ఇసక నాలుగు వైపులా వేడి పట్టిస్తుంది, మూకుడులో అడుగు సెగే కదా.

కారం సంగతి. ముందే కలిపి లోపల పెట్టారో, కారం మాడి ఇల్లంతా దగ్గే. దించాక వేడి మీదే అర స్పూను నూనె, ఉప్పు, కారం, వేయించిన జీలకర్ర పొడి, కరకరలాడే కరివేపాకు నలిపి కలపండి. పక్కనే గుంటూరు మిర్చి యార్డు పెట్టుకుని పెరిపెరి పొడి ఆన్‌లైన్‌లో తెప్పించుకునేదేంటో నాకైతే అర్థం కాదు.

హెల్దీనా అంటే హెల్దీనే, 100 గ్రాముల ఎండు శనగల్లో ప్రొటీన్ దాదాపు 20 గ్రాములు, పీచు 12 దాకా ఉంటుంది. కానీ కేలరీలు కూడా 360 పైనే, బరువు తగ్గుతామని డబ్బా ఒళ్ళో పెట్టుకుని సీరియల్ చూస్తూ తినేయకండి, సాయంత్రం టీతో గుప్పెడు చాలు. గ్యాస్ ప్రాబ్లం ఉన్నోళ్ళు ఇంకా తక్కువ. నాలుగైదేళ్ళ లోపు పిల్లలకి అసలు ఇవ్వకండి, గొంతులో అడ్డం పడతాయి.

పూర్తిగా చల్లారాకే సీసాలో పోయండి, వేడి మీద మూత పెడితే లోపల చెమ్మ పట్టి మొత్తం పోతాయి. వానాకాలంలో మర్నాటికే మెత్తబడతాయి, అప్పుడు మళ్ళీ ఓ నాలుగు నిమిషాలు ఫ్రయర్‌లో తిప్పితే దారిలోకి వస్తాయి. ఉంటానండీ, బై.